తప్పు గేరుబాక్సుది కాదు

సంపాదకులకు నమస్కారం.

ఆటోమేటిక్ కార్లలో ఇంజిన్ త్వరగా అరిగిపోతుందని కొందరు, మాన్యువల్ కార్లలోనే అరుగుతుందని మరికొందరు వాదించుకోవడం తరచూ వింటున్నాను. గేరుబాక్సు ఏ రకమైనా, ఇంజిన్ ఎంత వేగంతో తిరుగుతున్నప్పుడు దాని మీద ఎంత లోడు పడింది, అప్పటికి ఆయిల్ వేడెక్కిందా లేదా అన్నవే అరుగుదలను తేలుస్తాయి.

మాన్యువల్‌లో ఈ లెక్కంతా నడిపేవారి చేతిలో ఉంటుంది. గేరు దించడానికి బద్ధకించి, నాలుగో గేరులోనే ఎత్తు ఎక్కిస్తూ యాక్సిలరేటర్ అదిమితే గేరు రాడ్డు అరచేతిలో దడదడలాడుతుంది. పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసు, అంటే క్రాంక్‌షాఫ్టు, బేరింగుల్లో లోహం లోహానికి రాసుకోకుండా కాపాడే ఆయిల్ పొర షాఫ్టు తిరిగే వేగం వల్లనే ఏర్పడుతుంది కనుక, వేగం తగ్గి లోడు పెరిగినప్పుడు అది పలచబడిపోతుంది. టర్బో పెట్రోలు ఇంజిన్లలోనైతే, స్పార్కు పడకముందే ఇంధనం అంటుకుని పిస్టన్ పగిలే దాకా పోవచ్చు.

రెండో పొరపాటు అరుదే గానీ మరీ ప్రమాదం. ఓసారి ఐదు నుంచి నాలుగుకు దించబోయి రెండులో వేశాను. క్లచ్ సగం వదిలేసరికి ఇంజిన్ పెట్టిన రొద ఇంకా చెవుల్లోనే ఉంది. ఇంజిన్ తిరిగే వేగం (ఆర్‌పీఎం) హద్దు దాటకుండా చూసే లిమిటర్ ఇంధనాన్ని ఆపగలదే తప్ప, చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతుంటే ఏమీ చేయలేదు. అలాంటప్పుడే వాల్వులు పిస్టన్లకు తగులుతాయి. వెంటనే క్లచ్ తొక్కాను కాబట్టి సరిపోయింది.

ఆటోమేటిక్ ఈ రెండింటినీ చాలావరకు జరగనివ్వదు. టార్క్ కన్వర్టర్ ఉన్నవాటిలో ఇంజిన్ శక్తి ద్రవం ద్వారా గేర్లకు చేరుతుంది కనుక, బయలుదేరేటప్పటి కుదుపు కూడా మెత్తబడుతుంది. మాన్యువల్ గేరుబాక్సునే యంత్రంతో నడిపించే ఏఎంటీ సంగతి వేరు. అందులో ఉండేది మామూలు క్లచ్చే, దాన్ని తొక్కేది మాత్రం మన కాలు కాదు. నిజానికి ఆటోమేటిక్‌లో అశ్రద్ధకు ముందుగా బలయ్యేది ఇంజిన్ కాదు, ద్రవం మార్చకుండా వదిలేసిన గేరుబాక్సు.

చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేసిన మరుక్షణం రేజ్ ఇచ్చేవారిని మాత్రం ఏ గేరుబాక్సూ ఆపలేదు. ఆయిల్ అన్ని భాగాలకూ చేరి వేడెక్కేలోపు జరిగే అరుగుదల రెండు రకాల కార్లలోనూ ఒక్కటే. అందుకే పాత కారు కొనేవారు గేరుబాక్సు రకాన్ని బట్టి ఇంజిన్‌ను అంచనా వేయకుండా, ఆయిల్ మార్పించిన రసీదులు అడగాలని, ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉన్నప్పుడే స్టార్ట్ చేయించి వినాలని నా మనవి.

– ఒక పాఠకుడు