బడా బకాయిలకు మాఫీ ఎందుకు?

సంపాదకులకు,

వాన గట్టిగా పడితే హన్మకొండలో నాలాలు పొంగుతాయి. 2023 జులైలో కాలనీలకు కాలనీలే మునిగాయి. నాలా వెడల్పు చేయాలన్నా, రిటైనింగ్ గోడ కట్టాలన్నా పైసలు కావాలి. ఆస్తిపన్నులో ఉన్నోళ్ల వాటా ఎక్కడ జారిపోతోందో చూడండి.

ఆస్తిపన్ను బకాయిపై నెలకు 2 శాతం వడ్డీ. 2 లక్షలు మూడేళ్లు ఆపితే వడ్డీయే 1.44 లక్షలు. వన్‌టైమ్ సెటిల్‌మెంట్ ప్రకటించి 90 శాతం వడ్డీ మాఫీ చేస్తే వడ్డీ కింద కట్టేది 14,400. ఆపిన ఆ 2 లక్షలు మూడేళ్లు 6 శాతానికి ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసుకుంటే 36 వేలు వస్తాయి. ఎగ్గొట్టినందుకు లాభమన్నమాట! రేకుల ఇల్లున్నాయన మాత్రం 5 శాతం రిబేటు కోసం ఏప్రిల్‌లోనే లైన్లో నిలబడతాడు.

పన్ను తగ్గుతుందని మున్సిపల్ రికార్డులో ఇల్లని రాయించి హాస్టళ్లు, క్లినిక్‌లు నడిపేవాళ్లు ఇంకో రకం. వీళ్లను పట్టుకోవడం బ్రహ్మవిద్యేం కాదు. ఇంటి మీటరు కేటగిరీ-1, వ్యాపారానిది కేటగిరీ-2. విద్యుత్ సంస్థ సర్వీసు నంబర్లను మున్సిపల్ ఇంటి నంబర్లతో సరిచూస్తే సగం బయటపడతాయి. పాత ఇంటి నంబర్ల వల్ల జత కుదరని చోట కరెంటు స్తంభం నంబరు పట్టుకుని వెతకాలి. ఒకే గోడకు ఆరు మీటర్లుండి, రికార్డులో ఒక్క అంతస్తే ఉంటే బిల్ కలెక్టర్ టేపు తీసుకుని వెళ్లాలి.

మాఫీ తప్పదంటే చిన్న ఇళ్లకే ఇవ్వండి. కమర్షియల్ భవనాలకు వడ్డీలో రూపాయి కూడా తగ్గించొద్దు.

– ఒక పాఠకుడు, హన్మకొండ