జాకెట్లు ఆలస్యమవుతాయి, షట్టరు మాత్రం ఆరున్నరకే దించుతాను

అక్కలకీ, వదినలకీ, అమ్మలకీ నమస్కారం.

మన పైడితల్లమ్మ పండగ తొలేళ్ళకి ఇస్తానని ఒప్పుకున్న లైనింగు జాకెట్లలో కొన్ని ఆ వేళకి అందవు. ఎవరెవరివో వాళ్ళకి ఫోన్లో చెప్పేశాను. ఎందుకో మాత్రం మీ అందరికీ తెలియాలి.

లైనింగుకి నేను అచ్చమైన కాటనే వాడతానని మీకు తెలుసు. ఈసారి హోల్‌సేల్ ఆయన పంపిన తానులు పట్టుకుంటేనే జారిపోతున్నాయి. కాటన్‌ని ముందే నానబెట్టి ఆరేసి కత్తిరించాలి. లేకపోతే మొదటి ఉతుకుకే లోపలి గుడ్డ కుంచించుకుపోయి పైన పట్టంతా ముడతలు పడుతుంది. ఈ గుడ్డ నీళ్ళే సరిగా పీల్చలేదు. ఒక పోగు లాగి అగ్గిపుల్ల అంటించాను. నూలైతే కాగితంలా కాలి బూడిదవుతుంది. ఇది కరిగి, నల్లగా గట్టి ఉండ కట్టింది. పాలిస్టర్ కలిపారు.

అడిగితే, "లోపలి గుడ్డ ఎవరు చూస్తారమ్మా" అన్నాడు. ఆ మాట నాకింకా మండుతూనే ఉంది. ఎవరూ చూడరు, నిజమే. అమ్మవారి సిరిమాను ఊరేగింపు నాడు కోట దగ్గర ఆ జనంలో, ఆ ఉక్కలో నిలబడ్డ మనిషి ఒంటికి తెలుస్తుంది. కనబడని చోట కూడా పని సరిగ్గా ఉంటుందనే కదా మీరిన్నాళ్ళూ నా గుమ్మం తొక్కుతున్నారు! తానులన్నీ తిప్పి పంపేశాను. డబ్బు ఇంకా రాలేదు. వచ్చినా రాకపోయినా ఆయన దగ్గర ఇక మూర గుడ్డ కూడా కొనను.

వేరేచోట సరుకు దొరికేసరికి పండగ నెత్తిమీదికొచ్చేసింది. రాత్రుళ్ళు కూర్చుంటే అన్నీ అయిపోతాయి, కుట్టే అమ్మాయిలూ సరేనన్నారు. కూర్చోవాలా వద్దా అన్నదానికే నాకు నిద్ర పట్టలేదు. చివరికి వద్దన్నాను.

సాయంత్రం మిషను ఆపి నేను సంగీతం పాఠానికి వెళ్తున్నాను. సరళీ వరసలు అయ్యాయి, జంట వరసల్లో ఉన్నాను. "ఈ వయసులో పాటలేటి, పొగరు కాకపోతే" అని ఒకావిడ అన్నారట. బాధేసింది. 1919లో గాన పాఠశాల వెలసిన విజయనగరం ఇది. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి అధ్యక్షులు, ద్వారం వెంకటస్వామినాయుడు గారు అక్కడ ఫిడేలు చెప్పారు. అలాంటి ఊళ్ళో కుట్టుపని చేసుకునే మనిషి మాయామాళవగౌళ రాగంలో వరసలు నేర్చుకుంటే పొగరెలా అవుతుంది? పండగ కదా అని ఇప్పుడు మానేస్తే, తర్వాత కార్తీకం పెళ్ళిళ్ళు, ఆ వెంటనే సంక్రాంతి. మానెయ్యడానికి ఏడాది పొడుగునా ఏదో ఒకటి ఉంటుంది. పాఠంలో కూర్చున్నంతసేపూ నాకు ఎవరి కొలతలూ గుర్తుకురావు. అలా వెళ్ళొచ్చిన మర్నాడు కత్తెర విసుగు లేకుండా నడుస్తుంది. పైగా ట్యూబులైటు కింద మెరూన్ దారానికీ కాఫీ రంగు దారానికీ తేడా తెలియదు. ఆ కుట్టు మీకు ఇవ్వడం నాకిష్టం లేదు.

అమ్మాయిలు కూడా వేళకే ఇళ్ళకి వెళ్తారు. ఫాల్స్, పీకో ఎప్పటిలాగే. తొలేళ్ళ సోమవారం, సిరిమాను మంగళవారం షాపు తియ్యను.

ఆగలేనివాళ్ళు పగటిపూట వచ్చి గుడ్డ, అడ్వాన్సు పట్టుకెళ్ళండి, ఏమీ అనుకోను. ఆగినవాళ్ళ దగ్గర లైనింగు డబ్బులు తీసుకోను. ఆరున్నర దాటాక ఫోను ఎత్తను, ఎవరు చేసినా సరే.