హీరాము హత్య బైబిల్లో లేదు

సంపాదకులకు నమస్కారం.

రాతిపనివాళ్ల పనిముట్లను గుర్తులుగా వాడే సోదర సంఘం ఫ్రీమేసన్లు. వాళ్ల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం ఆ సంఘం పుట్టుకను పిరమిడ్ల దగ్గర మొదలుపెట్టి, సొలొమోను ఆలయం మీదుగా, క్రూసేడ్ యోధుల సంఘమైన టెంప్లర్ల దగ్గర తేల్చింది. ఆ ఆలయంలో పనిచేసిన హీరాము హత్యను బైబిలు కథ అని కూడా రాసింది. తెలుగులో ఈ విషయం రాసేవారు చాలామంది ఇదే దారి పడుతున్నారు. పాత కాగితాలు చూస్తే ఇందులో నిలబడేది తక్కువ.

మూలమట్టం, కంపాసు, తూకం గుండు వేల ఏళ్ల నాటివి. మూలమట్టం తాపీమేస్త్రి సంచిలో ఇప్పటికీ ఉంటుంది. అయితే మూలమట్టమంటే సత్ప్రవర్తన అని లాడ్జిలో, అంటే ఫ్రీమేసన్ల స్థానిక శాఖలో, బోధించడం ఎప్పుడు మొదలైందన్నది వేరే ప్రశ్న. పనిముట్టు వయసును సంఘానికి అంటగట్టడం వల్లే ఇంత గందరగోళం.

ఇంగ్లండు రాతిపనివాళ్ల కట్టుబాట్లకు దొరికిన అతి పాత ఆధారం రీజియస్ రాతప్రతి. 1400 ప్రాంతపు పద్యమది, 794 పాదాలు. శిష్యుణ్ణి ఏడేళ్లకు తక్కువ పెట్టుకోకూడదు, ఒకరి పని మరొకరు లాక్కోకూడదు, రాత్రిపూట పని చేయకూడదు వంటి నియమాలు అందులో ఉన్నాయి. ఈ విద్యను ఈజిప్టులో గ్రీకు గణితవేత్త యూక్లిడ్ నేర్పాడన్న కథా ఉంది. తరవాతి కుక్ రాతప్రతి యూక్లిడ్‌ను ఏకంగా అబ్రాహాముకే శిష్యుణ్ణి చేసింది. ఇద్దరికీ మధ్య వెయ్యేళ్లకు పైనే తేడా! మన వృత్తికులాల పురాణాలు విశ్వకర్మ దాకా వెళ్లినట్టే, ఆ పనివాళ్లూ తమ వృత్తికి ఒక గొప్ప వంశం చెప్పుకున్నారు. దాన్ని గౌరవించాలి, కానీ చరిత్రగా అచ్చువేయకూడదు.

లాడ్జీల అసలు జాడ స్కాట్లండులో దొరుకుతుంది. రాజుగారి నిర్మాణాల అధికారి విలియం షా 1598, 1599లలో నిబంధనలు రాశాడు. ఎడిన్‌బరో లాడ్జి సమావేశాల పుస్తకం 1599 నుంచీ ఉంది. రాతిపనివాడు కాని, ఉలి పట్టని ఎలియాస్ ఆష్‌మోల్ 1646లో వారింగ్టన్‌లో సభ్యుడయ్యాడు. లండన్‌లో నాలుగు లాడ్జీలు కలిసి వాటన్నిటికీ పైసంఘంగా గ్రాండ్ లాడ్జి పెట్టుకున్నది 1717 జూన్ 24న అంటారు. అదీ సంఘం నిబంధనల పుస్తకం రాసిన ఆండర్సన్ 1738లో చెప్పిన మాటే కాబట్టి, అసలు సంవత్సరం 1721 అని వాదించే చరిత్రకారులున్నారు. ఈ ఆండర్సనే 1723లో సంఘం చరిత్రను ఆదాముతో మొదలుపెట్టాడు.

ఇక హీరాము. 1 రాజులు 7వ అధ్యాయం తెరవండి. అతడు తూరు నుంచి వచ్చిన ఇత్తడి పనివాడు, విధవరాలి కొడుకు. యాకీను, బోయజు స్తంభాలు పోతపోశాడు. ఒక్కోటి 18 మూరల ఎత్తు, 12 మూరల చుట్టుకొలత. తనకప్పగించిన పనంతా ముగించాడని అదే అధ్యాయం చెబుతుంది. ఫ్రీమేసన్ల మూడో డిగ్రీలో, అంటే సభ్యుణ్ణి మూడో మెట్టుకు ఎక్కించే తంతులో, మాత్రం అతడు ఆలయ శిల్పి. రహస్యపదం చెప్పనన్నందుకు పని పూర్తికాకముందే ముగ్గురు చంపుతారు. ఆ హత్య కథ అచ్చులో మొదట కనిపించేది 1730లో, లాడ్జి తంతులను ప్రిచర్డ్ బయటపెట్టిన చిన్న పుస్తకంలో. మీ వ్యాసం దాన్ని బైబిలు కథ అనడం పెద్ద తప్పు.

టెంప్లర్ల సంఘాన్ని పోపు 1312లో రద్దు చేశాడు. ఫ్రీమేసన్లకు క్రూసేడ్ యోధులతో బంధుత్వాన్ని రామ్సే అనే ఫ్రీమేసన్ పారిస్ ప్రసంగం 1730లలో తెచ్చింది. టెంప్లర్ వారసత్వాన్ని గట్టిగా చాటుకున్న జర్మనీ శాఖే 1782లో విల్హెల్మ్స్‌బాద్ సభలో దాన్ని వదులుకుంది. ఈ సంగతి మన వ్యాసాల్లో ఎక్కడా కనిపించదు.

ఈజిప్టు లిపిని షాంపోలియన్ ఛేదించింది 1822లో. అంతకు చాలాముందే స్థిరపడిన లాడ్జి తంతులు ఆ శాసనాలు చదివి తెచ్చుకున్నవి ఎలా అవుతాయి? ఫ్రీమేసన్ల గుర్తని చెప్పే డాలరు నోటు మీది కన్ను 1782 నాటి అమెరికా రాజముద్ర నుంచి వచ్చింది. అది దైవదృష్టికి గుర్తుగా క్రైస్తవ చిత్రకళలో అంతకుముందే ఉన్నది.

హైదరాబాదు గోషామహల్ బారాదరి కుతుబ్ షాహీల కట్టడం. ఫ్రీమేసన్లు అక్కడికి వచ్చింది చాలా తరవాత. ఆ గోడల వయసు చూసి లాడ్జి వయసు లెక్కగట్టేవారూ ఉన్నారు.

హీరాము విషయంలోనైనా వచ్చే ఆదివారం సవరణ వేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, హైదరాబాదు