2024-25 వార్షిక నివేదిక: ఆరిళ్లలో మూడే అయ్యాయి, ఎందుకంటే

సభ్యులందరికీ నమస్కారం. పోయినేడాది జనరల్ బాడీలో మనం బాగుచేస్తున్న పాతిళ్లు ఆరూ సంక్రాంతికల్లా రెడీ అని మైకు పట్టుకుని చెప్పింది నేనే కాబట్టి తిట్లు కూడా నాకే రావాలి. మూడయ్యాయి, నాలుగోదానికి కప్పు వేశాం, మిగతా రెండింటి తాళాలు కూడా తియ్యలేదు, అన్నదమ్ముల మధ్య వాటాలు తేలలేదు, ఒకాయన అమెరికాలో కూర్చుని సంతకం పెట్టనంటున్నాడు.

కొత్తగా చేరినవాళ్ల కోసం: చెన్నై జార్జ్ టౌన్‌లో గోడకి గోడ ఆనుకుని ఏళ్ల తరబడి ఖాళీగా పడున్న పాతిళ్లు లీజుకి తీసుకుని బాగుచేసి కళాకారులకి తక్కువ అద్దెకివ్వడం, ఇంతే మన పని. ఐడియా మనది కాదు, అమెరికాలోని హ్యూస్టన్‌లో 1993లో రిక్ లోవ్, ఇంకో ఆరుగురు కళాకారులు కలిసి పాడుబడ్డ 22 ఇళ్లతో మొదలుపెట్టారు, అందులో కొన్ని చిన్న వయసు తల్లులకి కూడా ఇచ్చారు. అంత దూరం ఎందుకు, మన ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద చోళమండలం అనే కళాకారుల ఊరు ఉంది కదా, 1966లో కె.సి.ఎస్. పణిక్కర్ గారు మొదలుపెట్టింది, బాతిక్ (మైనపు అద్దకం) బట్టలు అమ్ముకుంటూ కట్టుకున్నారు వాళ్లు. కాకపోతే వాళ్లది ఖాళీ నేల, మనకి దొరికినవి చెదపట్టిన దూలాలు.

ఆలస్యానికి అసలు కారణం మొదటి ఇల్లు. తొందరపడి పాత సున్నం గోడకి సిమెంటు పూయించాం, తప్పు కమిటీదే. నవంబర్ వానలకి లోపలి చెమ్మ బయటికి పోలేక ఉప్పు పొంగి పెచ్చులు పెచ్చులుగా ఊడింది, వీణ నేర్పే అక్క ఫోన్ చేసి "గోడ బూడిద రాలుస్తోందండీ, వీణ మీద దుప్పటి కప్పి కూర్చున్నా" అంది. మొత్తం చెక్కించి మళ్లీ సున్నమే. సున్నంలో కలపడానికి కరక్కాయా బెల్లం నానేసిన డ్రమ్ములు వీధంతా పులిసిన వాసన కొడుతుంటే ఎదురింటి సేట్ గారు సారా కాస్తున్నారా అని అడిగారు. సున్నం గాలి పీల్చుకుంటూ గట్టిపడాలి, తొందరపెట్టి లాభం లేదు.

నాలుగో ఇంటి మద్రాస్ టెర్రస్ కప్పు మాత్రం చూడాల్సిందే. టేకు దూలాల మీద పల్చటి ఇటుకలు నిలబెట్టి ఏటవాలుగా పేరుస్తారు, మేస్త్రీ తాత ఇటుకకి సున్నం రాసి పక్కదానికి నొక్కి చెయ్యి తీసేస్తే అలాగే ఉండిపోయింది, కింద సెంట్రింగ్ చెక్క కూడా లేదు, మేం నోళ్లు తెరుచుకుని చూశాం.

మూడో ఇంటి గొడవ అందరికీ తెలిసిందే. ఫ్లెక్స్ వచ్చి పని పోయిన సినిమా కటౌట్లు గీసే పెద్దాయనకి ఇచ్చాం, "ఆయన పెయింటర్ కదా, ఆర్టిస్టెలా అవుతారు" అని గ్రూపులో పెద్ద చర్చ. నలభై అడుగుల మొహానికి కన్ను ఎక్కడ పెట్టాలో తెలిసిన మనిషి ఆర్టిస్ట్ కాకపోతే నాకు ఇంకెవరూ తెలీదు. ఓటింగ్‌లో ఒక్క ఓటు తేడాతో నెగ్గింది, అది ఎవరిదో అడక్కండి.

అడ్వాన్సు మూడు నెలలే తీసుకుంటున్నాం. ఊరి అలవాటు పది నెలలు గానీ 2017 తమిళనాడు అద్దె చట్టం మూడే అంటుంది, అగ్రిమెంట్లు కూడా రిజిస్టర్ చేయించాం. కరెంటు మీటర్లు విడివిడిగా పెట్టించడం ఇంకా పెండింగ్, అడిగీ అడిగీ నోరు నొప్పి.

లెక్కల కాపీ మీటింగ్‌లో ఇస్తాం. మీటింగ్ ఈసారి నాలుగో ఇంట్లోనే, కుర్చీలు చాలవు, చాపలు తెచ్చుకోండి, గోడకి మాత్రం ఆనుకోకండి, సున్నం ఇంకా ఆరలేదు.

ఇట్లు
కార్యదర్శి