నీళ్లు తాగనంటే ఎట్లా పాపా?

పాపా,

"కాలేజీలో నీళ్లు తాగనమ్మా, తాగితే ఆ బాత్రూముకు పోవాలి" అని మొన్న నవ్వుతూ చెప్పేశావు. ఫోన్‌లో నేను మొదలుపెట్టగానే "సరేలేమ్మా" అంటావు కాబట్టి ఉత్తరం రాస్తున్నా.

వెన్నెముకకు చెరో పక్క నీ పిడికిలంత మూత్రపిండాలు ఉన్నాయి. ఒక్కోదాంట్లో రక్తాన్ని వడగట్టే నెఫ్రాన్లు, అంటే కంటికి కనబడని చిన్న జల్లెళ్లు, దాదాపు పది లక్షలు. రెండూ కలిసి రక్తంలోంచి రోజుకు 180 లీటర్ల దాకా నీటిని వడగడతాయి. ఒంట్లో ఉండే రక్తమే ఐదు లీటర్లు కదా అంటావేమో, అదే రక్తం మళ్లీ మళ్లీ వాటి దగ్గరికి వస్తుంది. వడగట్టిన నీటిలో 99 శాతం వెనక్కి పోతుంది. మిగిలే లీటరున్నర, రెండు లీటర్లే మూత్రం.

నువ్వు తాగడం మానేస్తే, ఉన్న నీటిని పట్టి ఉంచమని మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి ఏడీహెచ్ అనే హార్మోన్ ఎక్కువగా వస్తుంది. మూత్రం తగ్గి ముదురు పసుపుకు తిరుగుతుంది. ఎండాకాలం అలిపిరి మెట్లెక్కితే అంతే, ఎన్ని నీళ్లు తాగినా గాలిగోపురం దాకా బాత్రూము గుర్తే రాదు, అంతా చెమటగా పోతుంది. మీ చిత్తూరు ఎండ కూడా తక్కువేం కాదు. మూత్రం రోజూ ఇట్లా చిక్కగా ఉంటే అందులోని కాల్షియం, ఆక్సలేటు గడ్డకట్టి రాళ్లవుతాయి. మా ల్యాబులో ఆ స్ఫటికాలు మైక్రోస్కోపు కింద కనబడుతూనే ఉంటాయి.

ఎప్పుడైనా ఒకపూట ఆపుకుంటే కిడ్నీ పాడైపోదులే, మీ అమ్మమ్మ మాటలకు భయపడొద్దు. మూత్రాశయం నిండేకొద్దీ పైనుంచి వచ్చే నాళాల మూతి నొక్కుకుపోతుంది, మూత్రం వెనక్కి ఎక్కదు. నా భయం ఇన్‌ఫెక్షన్ గురించి. మగవాళ్లకు బయటికి వచ్చే నాళం 20 సెంటీమీటర్లు, మనకు నాలుగే. పేగుల్లో ఉండే ఈ.కోలై అనే బ్యాక్టీరియా లోపలికి చేరడం అంత సులువు. మాటిమాటికీ మూత్రం పోస్తేనే అది కొట్టుకుపోతుంది. నువ్వేమో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ దారే మూసేస్తున్నావు.

గడియ లేని తలుపు, నీళ్లు రాని కుళాయి మీ తప్పు కాదు. నలుగురు కలిసి ప్రిన్సిపాల్‌కు రాసివ్వండి. సిగ్గుపడాల్సింది వాళ్లు.

ఆదివారం నాన్నతో స్టీలు బాటిల్ పంపిస్తా. మంటగానీ, చలిజ్వరంగానీ, నడుం పక్కన నొప్పిగానీ వస్తే మెడికల్ షాపులో మాత్ర కొని మింగొద్దు. వెంటనే నాకు ఫోన్ చెయ్యి.

అమ్మ
తిరుపతి