రోల్‌బ్యాక్ కొట్టినా వెనక్కి రాలేదా?

ఒరేయ్ శీనూ,

"రోల్‌బ్యాక్ కొట్టాను, ఎర్రర్ కూడా రాలేదు, అయినా తీసేసిన వరసలు తిరిగి రాలేదేంట్రా" అని నీ మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ గురించి అడిగావు. చేసిన మార్పుల్ని రద్దు చేసి పాత స్థితికి తేవాల్సిందే కదా రోల్‌బ్యాక్! చదవగానే నవ్వొచ్చింది, ఏమనుకోకు. నేనూ అచ్చం ఇలాగే దెబ్బతిని ఓ రాత్రంతా బ్యాకప్ ముందు కూర్చున్నవాణ్ణే. నీ టేబుల్ మైఐసామ్ అనే స్టోరేజ్ ఇంజిన్‌లో ఉండుంటుంది, పందెం!

మైఎస్‌క్యూఎల్‌లో పైభాగం నువ్విచ్చే ఆదేశాన్ని, అంటే క్వెరీని చదివి, ఎలా నడపాలో తేలుస్తుంది. డేటాను డిస్క్ మీద ఎలా పెట్టాలి, ఎలా తీయాలి అన్నది కిందున్న స్టోరేజ్ ఇంజిన్ పని. ఒక్కో టేబుల్‌కి ఒక్కో ఇంజిన్ పెట్టుకోవచ్చు. మైఐసామ్‌కి ట్రాన్సాక్షన్ (జరిగితే అన్నీ, లేదంటే ఏదీ కాదన్నట్టు కలిపి చేసే మార్పుల కట్ట) అంటేనే తెలియదు, ఇక రోల్‌బ్యాక్ ఏం చేస్తుంది? ఓ వార్నింగ్ వస్తుంది, అది మనం చూడం.

అలాగని దాన్ని మరీ తిట్టకు. మొత్తం వరసలెన్ని అంటే రెప్పపాటులో చెప్తుంది, లెక్క ముందే రాసిపెట్టుకుంటుంది మరి. కాకపోతే ఒక్క వరస మార్చాలన్నా టేబుల్ మొత్తానికి తాళం వేస్తుంది.

ఇన్నోడీబీ అనే ఇంకో ఇంజిన్ సంగతి వేరు. ఫిన్లాండ్‌కి చెందిన హెయిక్కి టూరి మొదలుపెట్టాడు. 2010లో వచ్చిన మైఎస్‌క్యూఎల్ 5.5 వెర్షన్ నుంచి ఇదే డిఫాల్ట్, అంటే మనం ఏదీ చెప్పకపోతే వాడే ఇంజిన్. ఏదైనా మార్చే ముందు పాత రూపాన్ని అన్‌డూ లాగ్‌లో దాస్తుంది. రోల్‌బ్యాక్ అంటే అక్కణ్ణించి తెచ్చి పెట్టడమే. నాకు బాగా నచ్చేదేంటంటే, నువ్వు మారుస్తుండగా ఇంకొకడు ఆ వరస చదవబోతే వాణ్ణి ఆపదు, దాచిన పాత రూపమే చూపిస్తుంది. ఒకే దాపుడుతో రెండు పనులు! కమిట్ చేసినవి, అంటే ఖాయం చేసిన మార్పులు, రీడూ లాగ్‌లోకి వెళ్తాయి కాబట్టి సర్వర్ పడి లేచినా నిలుస్తాయి.

ఒక్క జాగ్రత్త. ఇందులో వరసలు ప్రైమరీ కీ (ఒక్కో వరసని గుర్తుపట్టే విలువ) క్రమంలోనే, మామూలుగా 16 కేబీ పేజీల్లో ఉంటాయి. త్వరగా వెతకడానికి పెట్టుకునే మిగతా ప్రతి ఇండెక్స్‌లోనూ ఆ కీ నకలు ఉంటుంది. బారెడు కీ పెట్టావో, ఇండెక్స్‌లన్నీ ఉబ్బుతాయి.

బ్లాక్‌హోల్ అని ఇంకో ఇంజిన్ కూడా ఉంది, ఏం రాసినా మింగేస్తుంది, అడిగితే ఖాళీ. దాన్ని చూస్తే నీకిచ్చిన అప్పులే గుర్తొస్తాయి.

సరే, షో టేబుల్ స్టేటస్ కొట్టి ఇంజిన్ పేరు చూడు. మైఐసామే అయితే బ్యాకప్ తీసుకుని, ఆల్టర్ టేబుల్ ఆదేశంతో ఇన్నోడీబీకి మార్చెయ్. అది అయ్యేదాకా ఆ టేబుల్‌లో ఎవరూ రాయలేరు, రద్దీ లేని వేళ చూసుకో. పోయిన వరసలు మాత్రం దీంతో రావు. ఆఖరి బ్యాకప్ ఎప్పటిదో, బైనరీ లాగ్ (జరిగిన మార్పులన్నీ వరసగా రాసుకునే ఫైలు) ఆన్‌లో ఉందో లేదో ముందు రాయి. రెండూ ఉంటే కూర్చుని తీద్దాం.

నీ
మురళి