రొమ్ము మిగలాలంటే విశాఖలో బంధువులుండాలా? – ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను పలాసలో టీచర్ని. నిరుడు స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో చింతపిక్కంత గడ్డ చేతికి తగిలింది. మొదట చూసిన డాక్టరు కొవ్వు గడ్డేనని రెండు నెలలు మాత్రలు మింగించారు. రొమ్ములో వచ్చే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు, నిజమే. కానీ చేత్తో తడిమి తేల్చేదా అది? స్కానింగ్, సూదితో ముక్క పరీక్ష అయ్యాకే కదా ఏ మాటైనా చెప్పాలి.

చివరికి ఆ పరీక్షల్లో క్యాన్సరేనని తేలింది. విశాఖలో సర్జన్ గారు రెండు దారులు చెప్పారు. గడ్డనూ దాని చుట్టూ కాస్త కండనూ తీసి తర్వాత కరెంటు పెట్టడం ఒకటి. రేడియేషన్‌ని మా వైపు అలాగే అంటాం. రెండోది రొమ్ము మొత్తం తీసేయడం. గడ్డ చిన్నదైతే రెండిటిలోనూ ప్రాణానికి భరోసా ఒకటేనన్నారు. ఇటలీ, అమెరికా వైద్యులు 1970లలో మొదలుపెట్టిన అధ్యయనాల ఇరవయ్యేళ్ల ఫలితాలు 2002లోనే ఆ సంగతి తేల్చాయట.

నేను మొదటి దారి పట్టాను. మా తమ్ముడిల్లు గాజువాకలో ఉంది కాబట్టి పట్టగలిగాను. వారానికి 5 రోజుల చొప్పున 15 సార్లు కరెంటు. తమ్ముడు బండి మీద దింపేవాడు, మరదలు వండిపెట్టేది.

పక్క మంచం ఆమెదీ పలాసే. జీడిపిక్కల పని. ఆమెదీ చిన్న గడ్డే, ఆమెకూ అవే రెండు దారులు చెప్పారు. ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది కాబట్టి డబ్బు అడ్డు రాలేదు. "మూడు వారాలు నానెక్కడ ఉండీది టీచరమ్మా, పిల్లల్నెవులు సూస్తారు?" అంది. రొమ్ము తీయించేసుకుంది. ఇప్పుడు జాకెట్టులో పాత చీర ముక్క మడిచి పెట్టుకుంటోంది.

ఆపరేషన్ తర్వాత చెయ్యి పైకి లేవదు. జాకెట్టు హుక్కు పెట్టుకోలేం, దండెం మీద బట్ట ఆరేయలేం. గోడ మీద వేళ్లు పాకిస్తూ రోజూ కాస్త పైకి జరపాలని నాకు ఒక నర్సమ్మ చూపించింది. ఆమెకు ఎవరూ చూపించలేదు. చంకలోని బిళ్లలు (లింఫ్ గ్రంథులు) కూడా తీసేస్తే ఆ చెయ్యి వాచే ప్రమాదం ఉంటుంది. జీడిపప్పు వలిచేది ఆ చేత్తోనే.

మంత్రి గారూ, ఉద్దానం కిడ్నీ రోగులు విశాఖ దాకా తిరగలేరని ప్రభుత్వానికి అర్థమయ్యాకే కదా 2023లో పలాసలో 200 పడకల ఆసుపత్రి వచ్చింది. కరెంటు మిషన్ కూడా రేపే పలాసకు తెమ్మని నేననను, దానికి ఎంత ఏర్పాటు కావాలో తెలుసు. అది ఉన్న ఆసుపత్రుల పక్కన దూరం నుంచి వచ్చే ఆడవాళ్లకు, తోడొచ్చినవాళ్లకు మూడు వారాలు ఉండే గది, అన్నం ఏర్పాటు చేయండి. పసిపిల్లలుంటే వాళ్లనూ ఉండనివ్వండి. చేతి వ్యాయామం చూపించకుండా ఎవరినీ ఇంటికి పంపొద్దని ఆదేశం ఇవ్వండి. ఇంకొకటి, ఆపరేషన్ కాగితం తెలుగులో ఉండాలి. రెండు దారులూ అందులో రాసి, ఆమెకు చదివి వినిపించి, ఆమె చేతే సంతకం పెట్టించాలి. మా వార్డులో చాలా కాగితాల మీద సంతకాలు భర్తలవే.

వచ్చే నెల నాకు చెకప్ ఉంది, ఆమెకూ ఉంది. ఈసారి ఇద్దరం మా తమ్ముడింట్లోనే దిగుతున్నాం.

ఇట్లు,
పలాస నుంచి ఒక టీచరు